యార్డు ఇంజన్లు: పాత డీజిల్ షంటర్లు ఏం చేస్తాయి, ఇంకా ఎందుకు నడుస్తున్నాయి

రైల్వేలో షంటర్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, యార్డులో బోగీలనూ వ్యాగన్లనూ అటూ ఇటూ జరిపే ఇంజన్. రెండోది, ఆ ఇంజన్ నడిపే మనిషి. కాజీపేట, డోర్నకల్, గుంతకల్, విజయవాడ, లాలాగూడ లాంటి చోట్ల రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. రాత్రి రెండు గంటలప్పుడు దూరం నుంచి వినిపించే "ధన్" అనే చప్పుడు, వెంటనే వరసగా వ్యాగన్లన్నీ ఒకదానికొకటి తగులుకుంటూ పోయే గలగల, వాళ్లకు నిద్రలో కూడా తెలుసు. కానీ ఆ ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు అంత నెమ్మదిగా నడుస్తుంది, పెద్ద లైన్ అంతా కరెంటు అయిపోయాక కూడా అది ఎందుకు పోలేదు అంటే రైల్వే ఇళ్లలో కూడా చాలామంది సరిగ్గా చెప్పలేరు. సూపర్‌ఫాస్ట్ లాగే ఇంజన్‌కు ఫొటోలు తీసేవాళ్లున్నారు. ఆ సూపర్‌ఫాస్ట్ బోగీలను ఒక్క రేక్‌గా చేర్చి ప్లాట్‌ఫారం మీద పెట్టి వెళ్లిన ఇంజన్‌ను పలకరించేవాళ్లు తక్కువ.

యార్డులో జరిగే పని

గూడ్స్ యార్డు అంటే పక్కపక్కనే పరిచిన పట్టాల గుంపు. బయటి నుంచి వచ్చిన బండి ఒక భాగంలో ఆగుతుంది. దాన్ని విడగొట్టి, ఏ ఊరికి పోయే వ్యాగన్‌ను ఆ ఊరి లైన్‌లో వేరుచేసే భాగం ఇంకొకటి. కొత్తగా తయారైన బండి బయల్దేరే భాగం మూడోది. పోస్టాఫీసులో ఉత్తరాలను ఊళ్లవారీగా గళ్లలో వేస్తారు చూడండి, దాదాపు అదే పని. కాకపోతే ఇక్కడ ఒక్కో ఉత్తరం బరువు 20 టన్నుల నుంచి 90 టన్నుల దాకా ఉంటుంది.

ఈ పనికి రెండు పద్ధతులున్నాయి. సమతలంగా ఉన్న యార్డులో ఇంజనే ప్రతి వ్యాగన్‌నూ తోసి, లాగి, వదిలి రావాలి. రెండో పద్ధతిలో యార్డు మధ్యలో చిన్న గుట్టలాంటి ఎత్తు కడతారు. దాన్ని హంప్ అంటారు. షంటర్ వెనక నుంచి మొత్తం బండిని నెమ్మదిగా ఆ ఎత్తు మీదకు తోస్తుంది. పైకి చేరిన వ్యాగన్‌ను విడదీస్తే అది తన బరువుతోనే అవతలికి దొర్లి, పాయింట్లు ఎటు తిప్పి ఉంటే ఆ లైన్‌లోకి పోతుంది. మొఘల్‌సరాయ్ యార్డు, అంటే ఇప్పటి పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, ఇలాంటి పనికే దేశమంతా పేరు పొందింది.

ప్యాసింజర్ యార్డులో పని వేరు. కడగడానికి వాషింగ్ లైన్‌కు తీసుకెళ్లడం, పాడైన ఒక్క బోగీని మధ్యలోంచి తీసి మంచిది పెట్టడం, ఖాళీ రేక్‌ను టైముకు ప్లాట్‌ఫారానికి తేవడం. రిజర్వేషన్ చార్టులో ఎస్-5 తర్వాత ఎస్-6 వరసగా రావడం వెనక ఎవరో చేసిన షంటింగ్ ఉంటుంది.

పొగ మీద కోపంతో పుట్టిన ఇంజన్

డీజిల్ ఇంజన్ రైల్వేలో మొదట కుదురుకున్నది మెయిన్ లైన్ మీద కాదు, యార్డులోనే. దానికి కారణం న్యూయార్క్ పొగ.

1902 జనవరిలో ఆ నగరంలోని పార్క్ అవెన్యూ సొరంగంలో రెండు బండ్లు గుద్దుకున్నాయి. ఆవిరి ఇంజన్ల పొగ, ఆవిరి కమ్ముకుని డ్రైవర్‌కు సిగ్నల్ కనిపించలేదు. పదిహేను మందికి తక్కువ కాకుండా చనిపోయారు. తర్వాత ఆవిరి ఇంజన్ల మీద ఆంక్షలు మొదలయ్యాయి. 1923లో వచ్చిన కౌఫ్‌మన్ చట్టం నగరమంతటికీ ఆ నిషేధాన్ని పెంచింది. ప్యాసింజర్ లైన్లకు కరెంటు తీగలు వేయొచ్చు. కానీ రేవు పక్కన, గోడౌన్ల మధ్య నాలుగు లైన్ల చిన్న యార్డుకు అంత ఖర్చు ఎవరు పెడతారు? అక్కడ పొగలేని ఇంజన్ కావాలి, తీగ కూడా ఉండకూడదు.

1925లో ఆల్కో, జనరల్ ఎలక్ట్రిక్, ఇంగర్సోల్-రాండ్ అనే మూడు కంపెనీలు కలిసి ఒక పెట్టె ఆకారం ఇంజన్ చేశాయి. 300 హార్స్‌పవర్, 60 టన్నులు. సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ దాన్ని కొని 1000 అని నంబర్ వేసింది. బ్రాంక్స్‌లోని ఒక రేవు యార్డులో పెట్టింది. ఆ యార్డుకు పట్టాల మీద దారే లేదు, వ్యాగన్లు పడవల మీద వచ్చేవి. ఆ చిన్న జాగాలోనే 1957 దాకా, ముప్పై ఏళ్లకు పైగా, ఆ ఇంజన్ పని చేసింది. ఇప్పుడు బాల్టిమోర్‌లోని రైలు మ్యూజియంలో ఉంది. వ్యాపారపరంగా నిలబడిన మొదటి డీజిల్ ఇంజన్ అదేనని రైల్వే చరిత్రకారులు లెక్కేస్తారు.

తర్వాత కథ వేగంగా సాగింది. 1940 నుంచి 1950 దాకా ఆల్కో కంపెనీ 1,000 హార్స్‌పవర్ ఎస్-2 షంటర్లను 1,500కు పైగా అమ్మింది. జనరల్ మోటార్స్ వాళ్ల 600 హార్స్‌పవర్ ఎస్‌డబ్ల్యూ-1, 1,000 హార్స్‌పవర్ ఎన్‌డబ్ల్యూ-2 కూడా అప్పటివే. బ్రిటన్‌లో 1952 నుంచి 1962 మధ్య 350 హార్స్‌పవర్ క్లాస్ 08 షంటర్లు 996 తయారయ్యాయి. అరవై ఏళ్లు దాటినా వాటిలో కొన్ని ఇప్పటికీ డ్యూటీలో ఉన్నాయి.

యార్డులోనే డీజిల్ ముందు ఎందుకు గెలిచిందో ఆవిరి ఇంజన్ దినచర్య చూస్తే అర్థమవుతుంది. చల్లారిన ఆవిరి ఇంజన్‌లో మళ్లీ ఒత్తిడి పెరగడానికి గంటలు పడుతుంది. బొగ్గు వేయాలి, నీళ్లు పట్టాలి, బూడిద తీయాలి. యార్డులో పని అరగంట ఉంటుంది, గంట ఉండదు. ఆ ఖాళీ గంటలో కూడా బొగ్గు కాలుతూనే ఉంటుంది. డీజిల్‌కు ఆ తిప్పలు లేవు. స్టార్ట్ చేస్తే నిమిషాల్లో సిద్ధం. నిప్పు వేసే ఫైర్‌మన్ కూడా అక్కర్లేదు. ఈ చివరి మాట కంపెనీలకు లాభం, ఫైర్‌మన్ ఇంటికి నష్టం. ఆ గొడవ అమెరికాలో ఏళ్ల తరబడి నడిచింది.

ఇండియాకు వచ్చిన దారి

మన దేశంలో పేర్లు గుర్తుపట్టడం సులువు. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎస్ అంటే షంటింగ్. అందుకని డబ్ల్యూడీఎస్ అని రాసి ఉంటే అది బ్రాడ్‌గేజ్ డీజిల్ షంటర్. చివరి అంకె మోడల్.

డబ్ల్యూడీఎస్-1 రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ నుంచి వచ్చింది. మొత్తం 15 ఇంజన్లు. 1950ల మధ్యలో, 1960ల మొదట్లో జర్మనీ నుంచి డబ్ల్యూడీఎస్-2, డబ్ల్యూడీఎస్-3 కొద్దికొద్దిగా దిగుమతి అయ్యాయి. ఇవి రుచి చూడ్డానికి తెచ్చిన సరుకులాంటివి. అసలు భోజనం తర్వాత వచ్చింది.

ఆవిరి ఇంజన్లకు పేరు పొందిన చిత్తరంజన్ కార్ఖానా 1968 నుంచి డబ్ల్యూడీఎస్-4 తయారీ మొదలుపెట్టింది. పొట్టిగా, 60 టన్నుల బరువుతో, ముందు పొడుగు బానెట్‌తో ఉండే ఇంజన్ ఇది. దీని చక్రాలను గమనించండి. ఆవిరి ఇంజన్‌లాగే మూడు జతల చక్రాలనూ కలుపుతూ పక్కన ఇనుప కడ్డీలు పైకీ కిందికీ తిరుగుతుంటాయి. డీజిల్ ఇంజన్‌కు కడ్డీలేంటి అని చాలామంది ఆశ్చర్యపోతారు. ఇందులో కరెంటు మోటార్లు లేవు. ఇంజన్ శక్తి నూనె ఒత్తిడితో నడిచే గేర్ పెట్టె ద్వారా ఒక అడ్డ ఇరుసుకు వస్తుంది, అక్కడి నుంచి కడ్డీల ద్వారా చక్రాలకు పోతుంది. ఈ గేర్ పెట్టెలకు సూరి ట్రాన్స్‌మిషన్ అని పేరు. రూపొందించినది మన్ మోహన్ సూరి అనే భారతీయ ఇంజనీర్. చిత్తరంజన్ కార్ఖానా 1993-94 దాకా మొత్తం 842 డీజిల్ ఇంజన్లు చేసింది. వాటిలో ఎక్కువ భాగం ఈ కుటుంబానివే. బండి మీద 19తో మొదలయ్యే ఐదంకెల నంబర్ ఉంటే అది చిత్తరంజన్ బిడ్డ అనుకోవచ్చు.

36తో మొదలైతే డబ్ల్యూడీఎస్-6. ఇది వారణాసి డీజిల్ కార్ఖానా నుంచి 1970ల మధ్య నుంచి వచ్చింది. ఆరు సిలిండర్ల ఆల్కో ఇంజన్, సుమారు 1,350 హార్స్‌పవర్, ఆరు ఇరుసులు, ప్రతి ఇరుసుకూ ఒక మోటార్. ఇందులో డీజిల్ ఇంజన్ జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటు మోటార్లకు పోతుంది. కాబట్టి నిజానికి ఇది సొంత పవర్ స్టేషన్ మోసుకు తిరిగే ఎలక్ట్రిక్ ఇంజన్.

ఇక్కడ ఒక విచిత్రం. ఈ డిజైన్ ఇచ్చిన ఆల్కో కంపెనీ 1969లోనే ఇంజన్ల తయారీ ఆపేసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని దాని కార్ఖానా మూతపడింది. కానీ ఆ ఇంజన్ కుటుంబం వారణాసిలో ఇంకో నలభై ఏళ్లు పుడుతూనే వచ్చింది. కాజీపేట, గుంతకల్, గుత్తి, మౌలాలి డీజిల్ షెడ్లలో పని చేసినవాళ్లు పట్టిన స్పానర్ల కింద ఉన్నది ఆ అమెరికా కంపెనీ లెక్కలే. పుట్టిల్లు మూతపడ్డాక అత్తింట్లో పెరిగిన వంశం అది.

బరువెక్కువ, తొందర తక్కువ

షంటర్ చిన్న ఇంజన్ అని పైన రాశాను. ఆ మాట సగమే నిజం. మెయిన్ లైన్‌లో దశాబ్దాలు లాగిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్‌కు 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, బరువు సుమారు 113 టన్నులు. డబ్ల్యూడీఎస్-6కు హార్స్‌పవర్ అందులో సగం. బరువు మాత్రం సుమారు 126 టన్నులు. అంటే షంటరే బరువైనది!

ఇది పొరపాటు కాదు, కావాలని చేసింది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద పట్టు నిలిపేది బరువుతోనే. బరువులో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే లాగుడు బలంగా వాడుకోవచ్చు. అంతకు మించి తిప్పితే చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. నిలబడి ఉన్న 2,000 టన్నులను కదిలించాలంటే బలం కావాలి, బలం కావాలంటే బరువు కావాలి. హార్స్‌పవర్ ఎక్కువ ఉండి బరువు తక్కువైతే యార్డులో లాభం లేదు. వాన పడ్డప్పుడు, పట్టా మీద నూనె ఉన్నప్పుడు చక్రం ముందు ఇసుక చల్లుతారు. ఇంజన్ మీద అందుకోసమే ఇసుక పెట్టెలుంటాయి. ఇంత పెద్ద యంత్రం చివరికి గుప్పెడు ఎండు ఇసుక మీద ఆధారపడటం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

మరి హార్స్‌పవర్ సగంతో ఎలా సరిపోతుంది? లెక్క చేసి చూడండి. 30 టన్నుల బలంతో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో లాగడానికి సుమారు 1,100 హార్స్‌పవర్ చాలు. అదే బలంతో 100 కిలోమీటర్ల వేగం కావాలంటే దానికి పది రెట్లు కావాలి. యార్డులో ఆ వేగం అవసరం లేదు, అనుమతీ లేదు. మన రైల్వే నియమాల్లో షంటింగ్‌కు మామూలు గరిష్ఠ వేగం గంటకు 15 కిలోమీటర్లు. పేలుడు పదార్థాలు, పెట్రోలు లాంటి ప్రమాదకర సరుకుంటే 8 కిలోమీటర్లు. అంటే సైకిల్ మీద వెళ్లేవాడు కూడా దాన్ని దాటిపోతాడు.

ఈ పాత ఇంజన్లు ఇంతకాలం బతకడానికి కూడా ఆ నెమ్మదే పెద్ద కారణం. మెయిన్ లైన్ ఇంజన్ లక్షల కిలోమీటర్లు పూర్తి శక్తితో పరిగెడుతుంది. షంటర్ రోజంతా పని చేసినా తిరిగింది కొద్ది దూరమే. కాకపోతే దాని అరుగుదల వేరే రకం. నిమిషానికోసారి ముందుకు, వెనక్కి, బ్రేక్. బ్రేక్ దిమ్మలు, కప్లింగ్, గేర్లు తొందరగా అరుగుతాయి. పని లేనప్పుడు కూడా ఇంజన్ ఆపకుండా ఉంచే అలవాటు వల్ల డీజిల్ ఊరికే కాలుతుంది. అందుకే తర్వాత చాలా డీజిల్ ఇంజన్లకు పక్కన ఒక చిన్న ఇంజన్ బిగించారు. పెద్దది ఆపేసినా చిన్నది బ్యాటరీ, గాలి ఒత్తిడి నిలబెడుతుంది.

ఆల్కో ఇంజన్ అన్నాక పొగ గురించి చెప్పకపోతే ఆ షెడ్ల మనుషులు ఒప్పుకోరు. హ్యాండిల్ తిప్పగానే డీజిల్ ముందు వెళ్తుంది, గాలి నెట్టే టర్బో వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ మధ్యలో సగం కాలిన డీజిల్ నల్లటి పొగై పైకి లేస్తుంది. షంటర్‌లో హ్యాండిల్ తిప్పడం, వదలడం రోజంతా ఉండేదే కాబట్టి యార్డు పక్కన ఆరేసిన బట్టలకు ఆ మరకలు తప్పవు. పొగ వద్దని పుట్టిన ఇంజన్ పొగకే పేరుమోసింది.

రెండు బఫర్ల మధ్య

ఇంజన్ గురించి ఎంత చెప్పినా షంటింగ్‌లో అసలు భారం మోసేది కింద నిలబడ్డ మనిషి. పాయింట్స్‌మన్ అంటాం, పాతవాళ్లు పోర్టర్ అని కూడా అంటారు. డ్రైవర్‌కు పొడుగు రేక్ అవతలి చివర కనిపించదు. అతను నమ్మేది కింద ఉన్న మనిషి జెండా, రాత్రయితే చేతి దీపం, ఇప్పుడు వాకీటాకీ. పచ్చ జెండా నెమ్మదిగా పైకీ కిందికీ ఊపితే నా నుంచి దూరంగా పో అని. శరీరానికి అడ్డంగా పక్కకు ఊపితే నా వైపు రా అని. ఎర్రది కనిపిస్తే, లేదా సిగ్నల్ ఇచ్చే మనిషి అసలు కనిపించకపోతే, ఆగాలి. ఈ రెండో సంగతి మొదటిదాని కంటే ముఖ్యం.

పాత పద్ధతి బోగీలకు స్క్రూ కప్లింగ్ ఉంటుంది. రెండు పక్కలా గుండ్రటి బఫర్లు, మధ్యలో కొక్కెం, మర బిగించే గొలుసు. దాన్ని తగిలించాలంటే మనిషి వంగి బఫర్ల కింద నుంచి లోపలికి దూరాలి, నిలబడాలి, బరువైన కప్లింగ్ ఎత్తి కొక్కేనికి వేయాలి, మర తిప్పి బిగించాలి, తర్వాత గాలి గొట్టాలు కలపాలి. ఇంజన్ పూర్తిగా ఆగాకే లోపలికి వెళ్లాలి, అతను బయటికొచ్చి సిగ్నల్ ఇచ్చేదాకా ఇంజన్ కదలకూడదు. నియమం ఇంతే, ఇందులో తెలియనిదేమీ లేదు. కానీ బండి లేటు, పక్క లైన్‌లో ఇంకో బండి, వాన, చీకటి, డబుల్ డ్యూటీ అన్నీ కలిసిన రాత్రి ఒక్క సైగ తప్పుగా అర్థమైతే చాలు.

అమెరికాలో ఈ మరణాలు ఎంత పెరిగాయంటే, 1893లోనే ఆటోమేటిక్ కప్లర్లు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. ఎలీ జానీ అనే ఆయన 1873లో పేటెంట్ తీసుకున్న కప్లర్ దానికి ఆధారం. రెండు చేతుల వేళ్లు కొక్కెంలా పెనవేసుకున్నట్టు, రెండు కప్లర్లు తాకగానే వాటంతట అవే బిగుసుకుంటాయి. మన దేశంలో గూడ్స్ వ్యాగన్లకూ, ఎల్‌హెచ్‌బీ బోగీలకూ ఇదే జాతి కప్లర్ ఉంది. మనిషి లోపల నిలబడి కొక్కెం వేయక్కర్లేదు. అయినా గాలి గొట్టాలు కలపడానికి, విడదీయడానికి మధ్యలోకి వెళ్లాల్సిందే. 2024 నవంబర్‌లో బిహార్‌లోని బరౌనీ స్టేషన్‌లో ఇంజన్ విడదీస్తున్న రైల్వే ఉద్యోగి ఇంజన్‌కూ బోగీకీ మధ్య నలిగి చనిపోయాడు. పట్టపగలు, ప్లాట్‌ఫారం పక్కనే. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. వందేళ్ల కింద ఎలా చనిపోయేవారో అలాగే చనిపోయాడు.

వదిలేసిన వ్యాగన్ ఇంకో ప్రమాదం. యార్డు సమతలంగా కనిపిస్తుంది గానీ కంటికి తెలియని వాలు ఉండొచ్చు. అందుకే స్టేషన్ యార్డుల్లో 1,200 మీటర్లకు ఒక మీటరుకు మించి వాలు లేకుండా చూడమంటారు, 400కు ఒకటి కంటే ఎక్కువైతే ప్రత్యేక అనుమతి కావాలి. నిలిపిన వ్యాగన్లకు చేతి బ్రేకులు తిప్పాలి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాలి, గొలుసుతో పట్టాకు కట్టాలి. ఈ పని సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో 2024 ఫిబ్రవరి 25న అందరూ చూశారు. జమ్మూ ప్రాంతంలోని కఠువాలో నిలిపిన 53 వ్యాగన్ల గూడ్స్ బండి డ్రైవర్ లేకుండానే బయల్దేరి, 70 కిలోమీటర్లకు పైగా పోయి పంజాబ్‌లో ఆగింది. ఎవరికీ ప్రాణాపాయం జరగకపోవడం అదృష్టమే.

యార్డు పక్కన ఇళ్లున్నవాళ్లు ఇందులోంచి ఒక్కటి పిల్లలకు చెప్పాలి. ఇంజన్ వస్తుంటే చప్పుడు వినిపిస్తుంది. తోసి వదిలేసిన వ్యాగన్ వస్తుంటే దాదాపు ఏమీ వినిపించదు. ఆగి ఉన్న బండి కింద నుంచి దూరి అడ్డదారిన స్కూలుకు పోయే పిల్లలు చూసుకునేది ఇంజన్‌ను. ఆ ఇంజన్ అర కిలోమీటరు అవతల వేరే చివర తగులుకుంటే, ఇక్కడి వ్యాగన్ హెచ్చరిక లేకుండా ఒక అడుగు జరుగుతుంది. ఆ ఒక్క అడుగు చాలు. అలాగే, నిలిచి ఉన్న వ్యాగన్ పైకెక్కి ఆడేవాళ్లకు నెత్తి మీద 25,000 వోల్టుల తీగ ఉంటుంది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోయినా అది లాగేస్తుంది.

యార్డులు ఖాళీ అయ్యాయి, ఇంజన్లు మిగిలాయి

ఒకప్పుడు ఒక వ్యాపారి ఒక్క వ్యాగన్ బుక్ చేసుకునేవాడు. ఆ ఒక్క వ్యాగన్ దారిలో నాలుగైదు యార్డుల్లో విడిపోయి, కలిసి, రోజుల తర్వాత చేరేది. 1980ల నుంచి రైల్వే ఆ పద్ధతి వదిలి, ఒకచోట నింపి ఇంకొకచోట ఖాళీ చేసే పూర్తి రేకుల వైపు మళ్లింది. బొగ్గు, సిమెంటు, ఎరువులు, బియ్యం అన్నీ అంతే. విడదీయాల్సిన అవసరమే లేకపోతే యార్డుతో పనేముంది? వేల మందికి డ్యూటీలు ఇచ్చిన పెద్ద పెద్ద మార్షలింగ్ యార్డుల్లో చాలా లైన్లు తుప్పు పట్టాయి. చిన్న వ్యాపారికి రైలు దూరమై లారీ దగ్గరైంది కూడా ఈ మార్పుతోనే. ఇది రైల్వేకు లాభమే గానీ రైల్వే ఊళ్లకు కాదని నా అభిప్రాయం.

ప్యాసింజర్ వైపు కూడా అంతే. రెండు వైపులా డ్రైవర్ క్యాబిన్ ఉండే మెమూ, వందే భారత్ బండ్లకు ఇంజన్ తిప్పే పనే లేదు. లింక్ ఎక్స్‌ప్రెస్‌లు, మధ్యలో విడిపోయి వేరే ఊరికి పోయే బోగీలు చాలావరకు తీసేశారు. కానీ విశాఖపట్నం లాంటి స్టేషన్లలో చాలా బండ్లు వచ్చిన దిక్కుకే తిరిగి వెళ్లాలి కాబట్టి ఇంజన్ ఒక చివర విడదీసి ఇంకో చివర తగిలించే పని రోజూ ఉంటుంది.

ఇక లైన్లన్నీ కరెంటు అయ్యాక డీజిల్ షంటర్ ఎందుకు? తీగ వేయలేని చోట్లు ఉన్నాయి కాబట్టి. పైనుంచి క్రేన్‌తో, హాపర్‌తో నింపే లైన్ మీద 25,000 వోల్టుల తీగ ఉంచలేరు. గూడ్స్ షెడ్, రేవు, స్టీల్ ప్లాంట్ లోపలి లైన్లు అలాంటివే. న్యూయార్క్ రేవు యార్డులో 1925లో ఉన్న ఇబ్బందే ఇది. విశాఖ రేవులో, విశాఖ స్టీల్ ప్లాంట్‌లో డీజిల్ షంటర్లు అందుకే తిరుగుతాయి. రామగుండం ఎన్‌టీపీసీకి సింగరేణి గనుల నుంచి బొగ్గు తెచ్చే సొంత లైన్ ఉంది. అక్కడ డబ్ల్యూడీఎస్-6 జాతి ఇంజన్లు బొగ్గు బండ్లను గని నుంచి ప్లాంట్‌కు, ప్లాంట్ నుంచి గనికి తిప్పుతూ ఉంటాయి. అడుగు తలుపులు తెరుచుకునే వ్యాగన్లు కాబట్టి బండి నెమ్మదిగా కదులుతుండగానే బొగ్గు కిందికి జారిపోతుంది. తెలంగాణలో చాలా ఇళ్లలో వెలిగిన బల్బు వెనక ఈ నడక ఉంది.

రైల్వే సొంత యార్డుల్లో ఇంకో మార్పు వచ్చింది. మెయిన్ లైన్ నుంచి దిగిపోయిన పెద్ద డీజిల్ ఇంజన్లనే షంటింగ్‌కు పెడుతున్నారు. ఉన్నదాన్ని వాడుకోవడం మంచిదే గానీ, వాటి హార్స్‌పవర్ ఇక్కడ సగం వృథా, పొడుగు బానెట్ వైపు నుంచి చూపు కూడా అంత బాగా ఆనదు. 2020లో పశ్చిమ మధ్య రైల్వే జబల్‌పూర్‌లో నవదూత్ అనే ఇంజన్‌ను సిద్ధం చేసింది. తీగ ఉన్నచోట తీగ కరెంటుతో, లేనిచోట బ్యాటరీతో షంటింగ్ చేస్తుంది. పొగ లేదు, ఖాళీగా నిలబడ్డప్పుడు డీజిల్ కాలదు. ఇలాంటివి పెరిగితే పాత షంటర్లకు సెలవు వస్తుంది. అప్పటిదాకా మీ ఊరి గూడ్స్ షెడ్ పక్కన 19 లేదా 36 నంబర్‌తో ఏదైనా ఇంజన్ కనిపిస్తే, గేటు దగ్గర ఆగినప్పుడు ఒకసారి చక్రాల వైపు చూడండి. పక్కన కడ్డీలు ఊగుతుంటే చిత్తరంజన్‌ది. కడ్డీలు లేకుండా ఆరు ఇరుసులుంటే వారణాసిది. క్యాబిన్ పక్కన రాసి ఉన్న అక్షరాలు అది ఏ షెడ్‌కు చెందిందో చెబుతాయి. కేజెడ్‌జే అంటే కాజీపేట, జీటీఎల్ అంటే గుంతకల్.